మీమ్ నెత్తిన గుర్తు

అబ్లా తఫీదా బొటనవేలు జిఫ్తా ఊళ్ళో సగం మందికి తెలుసు. అబ్లా అంటే వాళ్ళ భాషలో టీచరమ్మ. ఆవిడ ముఖం మరిచిపోయినవాళ్ళు కూడా ఆ వేలిని మరిచిపోలేదు. పుస్తకం తెరిచి చదవబోతుంటే వెనకనుంచి వచ్చి, పేజీ మీది బొమ్మను కప్పేసే వేలు అది. కాస్త వెడల్పాటిది, సుద్దపొడితో తెల్లబడ్డది. "ఇప్పుడు చదువు," అనేది ఆవిడ. బొమ్మ కనబడకపోతే సగం మంది పిల్లలకు నోరు పెగిలేది కాదు. అప్పుడావిడకు ఎక్కడలేని తృప్తి కలిగేది. రోగం ఎక్కడుందో దొరికింది కదా మరి.

అక్కడ బడికి సెలవు శుక్రవారం; ఆ ఆదివారం ఆవిడ మొదటి తరగతి గది వెనక వరుసలో, పిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చుని ఉంది. పాఠం చెబుతున్నది ఇబ్తిహాల్. టీచర్ల కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతున్న అమ్మాయి. ఏడాదంతా ఈ తరగతిలోనే తఫీదా కింద శిక్షణ పొందింది. గురువారం కాలేజీనుంచి, అందరూ డాక్టరమ్మ అని పిలిచే ప్రొఫెసరు వస్తుంది. తఫీదా "పనికొస్తుంది" అంటే అమ్మాయి టీచరవుతుంది, "ఇంకో ఏడాది" అంటే ఇంకో ఏడాది. అదే గురువారంతో తఫీదా ఉద్యోగమూ ముగుస్తుంది. ఆవిడకు అరవై నిండాయి.

పుస్తకంలో కొత్త పాఠం వచ్చింది. పిల్లి బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో 'హిర్రా' అన్న మాట. గ్రాంథికంలో పిల్లిని అలా అంటారు గానీ జిఫ్తాలో ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. పిల్లలు పేజీ తిప్పీ తిప్పగానే గొంతులెత్తి, "ఒత్తా!" అని అరిచారు, వాళ్ళ ఇళ్ళల్లో పిల్లిని పిలిచే పేరుతో.

వెనక కుర్చీలో తఫీదా కళ్ళు మూసుకుంది.

"ఒత్తాయే," అంది ఇబ్తిహాల్ నవ్వుతూ. "మనింట్లో ఒత్తా. పుస్తకంలో దానికి ఇంకో పేరుంది. మొదటి అక్షరం చూడండి. ఒత్తాతో మొదలవుతోందా?"

"లే...దు!"

"మరి?"

ముందు వరుసలో రెండు జడల సుందుస్ అక్షరాల మీద వేలు పెట్టింది. "హి... ర్... రా. హిర్రా! అబ్లా, మా నానమ్మ వాళ్ళింట్లో ఉన్నది కూడా హిర్రాయేనా?"

"అదీ హిర్రాయే."

"ఆ సంగతి దానికి తెలుసా?"

తరగతంతా గొల్లుమంది. ఇబ్తిహాల్ కూడా నవ్వేసింది. తఫీదా మాత్రం తన చేతిలోని పెన్నుకు మూత పెట్టింది. ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళకు ఆ మూత చప్పుడు తెలుసు.

టీచర్ల గదిలో పుదీనా టీ గ్లాసు ముందు పెట్టుకుని అసలు మాట మొదలుపెట్టింది. "వాళ్ళు పిల్లిని చదివారమ్మా. మాటని కాదు."

"తర్వాత మాటనీ చదివారు కదండీ అబ్లా."

"తర్వాత! అన్నం వండాక బియ్యం కడుగుతావా? అక్షరం, దాని నెత్తిన గుర్తు, పక్క అక్షరం, దాని నెత్తిన గుర్తు. అంతే చదువంటే. మిగతాదంతా కబుర్లు."

"దేని గురించో ముందు తెలిస్తే అక్షరాలు తొందరగా లొంగుతాయని నాకనిపిస్తుంది," అంది ఇబ్తిహాల్ మెల్లగా. "బొమ్మ కూడా పేజీలోదే కదా అబ్లా."

"బొమ్మ అచ్చువేసినవాడి సరదా. రేపు వీళ్ళు పేపరు చదవాలి, మందు సీసా మీద చదవాలి. అక్కడ ఎవడు వేస్తాడు బొమ్మలు?"

ఇబ్తిహాల్ ఏదో అనబోతుంటే ఆమె ఫోను మోగింది. అవతల అత్తగారు. ఫోను చెవికి ఆనించినా ఆవిడ గొంతు గదంతా వినిపించింది. "నీ కొడుకు మళ్ళీ నన్ను కొరికాడు! చెబుతున్నా వినుకో, ఈ ఏడాదే నేను ఉయ్యాల ఊపేది. ఫెయిలై ఇంటికొచ్చావంటే ఇంక గడప దాటే మాట మర్చిపో!"

గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా తమ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఇబ్తిహాల్ ఫోను బ్యాగులో పెట్టుకుని, కొంగులాంటి తన తలగుడ్డ చివరను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తఫీదాకు జాలి కలిగింది. కానీ జాలికీ చదువుకీ సంబంధం లేదని ఆవిడ నమ్మకం.

సోమవారం పొద్దున బడికి వస్తుంటే గేటు దగ్గర నిచ్చెన కనబడింది. బడి నౌకరు షలబీ బాబాయి దాని మీద నిలబడి గేటుకు అడ్డంగా ఓ పొడవాటి బట్ట కడుతున్నాడు. బోర్డులు రాసే ఫర్హత్ చేతిరాత. నీలిరంగు అక్షరాలు ఇంతింత పొడుగున్నాయి. తఫీదా ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చదివింది.

ప్రతి ఏటా మా ముదర్రిసా క్షేమంగా ఉండాలి. అరవయ్యో పండుగ శుభాకాంక్షలు.

ముదర్రిసా అంటే పంతులమ్మ.

ఆవిడ గేటు మధ్యలోనే ఆగిపోయింది. వెనకనుంచి వస్తున్న పిల్లలు ఆవిడకు తగిలి, భయపడి, చుట్టూ తిరిగి వెళ్ళారు.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. బట్టమీది ఆ మాటలో ఉన్నవి మీమ్, దాల్, రే, సీన్ అన్న అక్షరాలే. వాటి నెత్తిన గుర్తుల్లేవు. చిన్నపిల్లల పుస్తకంలో తప్ప అరబ్బీ రాతలో గుర్తులు మామూలుగా ఎవరూ పెట్టరు. తలకట్టా కొమ్మా అన్నది చదివేవాళ్ళే ఊహించుకోవాలి. మీమ్ నెత్తిన కొమ్ము ఊహించుకుని మిగతాది దానికి తగ్గట్టు చదివితే ముదర్రిసా, పంతులమ్మ. తలకట్టు ఊహించుకుని చదివితే మద్రసా, బడి. ఈ సంగతి తఫీదాకు తెలియక కాదు. కాలేజీ అమ్మాయిలు శిక్షణకు వచ్చిన మొదటిరోజు బోర్డు మీద ఆవిడ రాసే మొట్టమొదటి ఉదాహరణే అది. "చూశారా, గుర్తు లేకపోతే ఎంత ప్రమాదమో," అనేది.

ఆ పొద్దున మాత్రం ఆవిడకు ఆ ఉదాహరణ గుర్తురాలేదు. బట్ట మూలన పసుపురంగులో ఏదో బొమ్మ కూడా ఉంది. ఆవిడ బొమ్మలు చూసే మనిషి కాదు.

"ఎవరు కట్టమన్నారు బాబాయ్?" అంది గొంతు సవరించుకుని.

"హెడ్మాస్టరు గారు, అబ్లా. గురువారం పెద్ద కార్యక్రమమట. మైకులూ అవీ."

"ఇవన్నీ ఎందుకో," అంది తఫీదా. "కుడివైపు కాస్త జారింది. పైకి లాగు."

ఆ రోజంతా ఆవిడకు లోకం కొత్తగా కనబడింది. వరండాలో పాట నేర్చుకుంటున్న పిల్లలు ఆవిడను చూడగానే గప్‌చిప్ అయిపోయారు. నలభై ఏళ్ళుగా ఆవిడను చూసి పిల్లలు గప్‌చిప్ అవుతూనే ఉన్నారు. కానీ ఆ రోజు ఆవిడ, 'అయ్యో, రహస్యంగా నేర్చుకుంటున్నారు కాబోలు,' అనుకుని తల తిప్పుకుని వెళ్ళింది. హెడ్మాస్టరు ఉస్తాద్ వగ్దీ, ఈ ఏడాదే వచ్చిన మనిషి, ఎదురుపడి, "అబ్లా, గురువారం తొందరగా రావాలి మీరు. మీరు లేకపోతే కార్యక్రమమే లేదు," అన్నాడు. పిల్లల్ని వరసలో నిలబెట్టడం ఇంకెవరివల్లా కాదని ఆయన ఉద్దేశం. తఫీదా సిగ్గుపడి, "నేనెంతటిదాన్నండీ," అంది. ఆయన కాస్త తికమకపడి, అయినా నవ్వి వెళ్ళిపోయాడు.

ఇంట్లో భర్త ఫిక్రీ వంటింటి బల్లముందు కూర్చుని గుమ్మడిపిందెల్లాంటి చిన్నచిన్న కూసా కాయల్లోంచి గుజ్జు తోడుతున్నాడు. రైల్వేలో రిటైరైనప్పటినుంచీ కూరగాయలు తొలిచి బియ్యం కూరే పనంతా ఆయనదే. కాయ చిల్లు పడకుండా సన్నని గొట్టంలా తొలవడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు.

"నాకిలాంటి ఆర్భాటాలంటే పడదు, నీకు తెలుసుగా," అంది తఫీదా.

"తెలుసు."

"గేటుకు అడ్డంగా కట్టారు. రోడ్డు మీద పోయేవాళ్ళంతా చదువుతారు."

"అయితే మాన్పించు."

"ఎలా మాన్పిస్తాను? వాళ్ళ ముచ్చట! నా నీలం సూటు నడుం దగ్గర కాస్త వదులు చేయించాలి."

ఫిక్రీ కాయలోంచి తలెత్తకుండానే, "కాస్తేనా?" అన్నాడు. గుజ్జు తోడే కత్తి ఆయన చేతిలోనే ఉండటం వల్ల ఆవిడ ఊరుకుంది.

సాయంత్రానికి చెల్లెలు దౌలత్‌కు తెలిసింది. దౌలత్‌కు తెలిసిందంటే వాళ్ళుండే మేడలో అన్ని అంతస్తులకూ తెలిసినట్టే. "అక్కా, నేను వస్తా. నా బంగారమంతా వేసుకుని వస్తా. నలభై ఏళ్ళు ఆ పిల్లల చీమిడి తుడిచావు, గుర్తుపెట్టుకున్నారు చూశావా!" అంటూ ఆవిడే ఏడ్చేసింది. మంగళవారం ఇద్దరూ కూర్చుని నేతి బిస్కెట్లు చేశారు. ఒక్కోదాని నెత్తిన ఒక్కో పిస్తా పప్పు నొక్కారు. వంటిల్లంతా పిండి, నెయ్యి. తఫీదా ఆ పిండిచేతులతోనే ప్రసంగం అప్పజెప్పింది.

"'ప్రియమైన సహోద్యోగులారా, నేను ఈ గౌరవానికి తగను...' ఎలా ఉంది ఫిక్రీ?"

"తగనంటే మరి ఎందుకు తీసుకుంటున్నావంటారు."

"అక్కా, ఆయన్ని బయటికి పంపించు," అంది దౌలత్.

బుధవారం తఫీదా మళ్ళీ వెనక కుర్చీలో కూర్చుంది. ఆ రోజు పాఠంలో పడవ. ఇబ్తిహాల్ ముందు బొమ్మ చూపించి, పడవలో ఎవరున్నారు, ఎక్కడికి పోతున్నారు, వలలో పడ్డ చేప ఏమవుతుంది అని పిల్లలచేత ఇంత కథ చెప్పించి, ఆ తర్వాత గానీ అక్షరాల దగ్గరికి రాలేదు. తఫీదా ఓర్చుకోలేక లేచి, వరసల మధ్యగా నడిచి, ఓ పిల్లాడి పుస్తకం మీది పడవను వేలితో ముంచేసింది. "ఇప్పుడు చదువు." వాడు చదివాడు. ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ, తప్పు లేకుండా చదివాడు. చదివి, "అబ్లా, వేలు తీస్తారా? చేప ఏమైందో చూడాలి," అన్నాడు.

అది కూడా తఫీదాకు క్రమశిక్షణ లోపంగానే కనబడింది. మధ్యాహ్నం హెడ్మాస్టరు గదికి వెళ్ళి, "ఆ అమ్మాయికి ఇంకో ఏడాది కావాలి," అంది. వగ్దీ గురువారం కుర్చీల లెక్కలో ఉన్నాడు. "మీరెలా అంటే అలా అబ్లా. డాక్టరమ్మకి చెప్పేస్తా," అన్నాడు.

తఫీదా మాటను దాచే మనిషి కాదు. వరండాలో ఇబ్తిహాల్‌ను ఆపి ముఖంమీదే చెప్పింది. "నీకు పిల్లలంటే ప్రేముంది. చదివించడం రాదు. నేను అబద్ధం చెప్పలేనమ్మా."

ఇబ్తిహాల్ ఏడవలేదు. వాదించలేదు. "సరే అబ్లా," అంది. కాస్త ఆగి, "ఇంట్లో రేపు చెబుతాను. పిల్లాడికి జ్వరంగా ఉంది, ఈ రాత్రి అత్తయ్య అసలే నిద్రలేక చిరాగ్గా ఉంటారు," అని, పిల్లలు చేసిన కాగితం జెండాలు పెట్టెలో సర్దుకుంటూ ఉండిపోయింది.

గురువారం పొద్దున తఫీదా నీలం సూటులో, ఊపిరి కాస్త పైపైనే పీలుస్తూ బయల్దేరింది. ఒకపక్క బంగారమంతా దిగేసుకున్న దౌలత్, ఇంకోపక్క రెండు చేతులా బిస్కెట్ల పళ్ళెం మోస్తూ ఫిక్రీ. గేటు బయట ఇబ్తిహాల్ మొదటి తరగతి పిల్లల్ని వరసలో నిలబెడుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జ్వరం పిల్లాడి తల్లి కళ్ళు.

తఫీదా బట్ట కింద ఆగింది. దౌలత్‌కు దగ్గరిచూపు కళ్ళజోడు మాత్రమే ఉంది, దూరానివి ఆనవు. తానే చదివి వినిపిస్తే బాగుండదు కదా. ముందు వరుసలో రెండు జడలు కనిపించాయి.

"సుందుస్, ఇలా రా. ఆ బట్ట మీద ఏం రాసుందో మా చెల్లెలికి చదివి పెట్టు."

సుందుస్ మెడ వెనక్కి వంచి, బట్టను ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. తర్వాత వేలు గాల్లో ఆడిస్తూ మొదలుపెట్టింది. "ప్రతి... ఏటా... మా... మద్రసా..."

"ఆగాగు. మీమ్ నెత్తిన ఏముంది?"

"ఏం లేదు అబ్లా."

"లేదు కదా! మరి కంగారు పడకూడదు. ఆలోచించుకుని చదువు. ము..."

"మ," అంది సుందుస్.

"ము, సుందుస్."

"మ, అబ్లా. మద్రసా. బడి. అదిగో, బడి బొమ్మేశారుగా! మన మెట్లు కూడా వేశారు. విరిగిన మెట్టు కూడా ఉంది చూడండి."

తఫీదా చూసింది. నాలుగు రోజులుగా ఆవిడ దాని కిందనుంచే వస్తోంది, పోతోంది. పసుపురంగు రెండంతస్తుల మేడ, ముందు జెండా, మూడో మెట్టు మూలన విరిగి ఉంది. ఫర్హత్ ఎంత శ్రద్ధగా వేశాడో పాపం, గుడ్డివాడికి కూడా తెలిసేలా వేశాడు.

"ఏమంటోందే ఈ పిల్ల?" అంది దౌలత్. "బడికి అరవయ్యో పండుగేమిటి?"

ఫిక్రీ పళ్ళెం మీదనుంచి తల ఎత్తి ఆకాశంలోని పావురాల్ని పరిశీలనగా చూశాడు. "కట్టి అన్నేళ్ళయిందేమో," అన్నాడు ఎంతో జాగ్రత్తగా.

వెనక పిల్లల వరస గుసగుసలు మానేసి చూస్తోంది. అప్పుడు ఇబ్తిహాల్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "గుర్తుల్లేవు కదా అబ్లా. రెండు రకాలా చదవొచ్చు. దేనికైనా అతుకుతుంది," అంది.

తఫీదా ఆ అమ్మాయి ముఖంలోకి పట్టి చూసింది. ఎగతాళి కోసం వెతికింది. నిన్న తన ఏడాదిని తీసి పారేసిన మనిషి పరువు నలుగురిలో పోతుంటే దాని మీద గుడ్డ కప్పుతోంది. అంతకుమించి ఆ ముఖంలో ఏమీ దొరకలేదు.

"అతుకుతుంది," అంది తఫీదా. "అతికిందల్లా చదువు కాదు. పిల్ల చదివిందే సరైనది." సుందుస్ బుగ్గ మీద ఆ వెడల్పాటి వేలితో ఒక్కసారి తట్టింది. "పద, వరసలోకి పో."

"మరి ఈ బిస్కెట్లు?" అన్నాడు ఫిక్రీ.

"బడి పుట్టినరోజు. బడికే."

కార్యక్రమం బాగా జరిగింది. మైకు కీచుమంది, మంచి నోరున్న పిల్లాడు జెండా మీద పద్యం మరిచిపోయాడు. వగ్దీ 'మన బడి, మన బడి' అని గొంతు చించుకుని, ఆ మాటలో ఇంక ఎవరికీ ఏ సందేహమూ లేకుండా చేశాడు. మధ్యలో వేదిక మీదనుంచే, "అబ్లా తఫీదా, ఆ ఎడమవైపు పిల్లల్ని కాస్త..." అని సైగ చేశాడు. ఆవిడ ఎడమవైపు ఒక్కసారి చూసింది. చాలు. చివర్లో, "ఈ కమ్మని బిస్కెట్లు పంపిన దాత ఎవరో గానీ వారికి అల్లా మేలు చేయాలి," అన్నాడు వగ్దీ, మూడోది నోట్లో పెట్టుకుంటూ. దౌలత్ లేవబోయింది. ఫిక్రీ ఆమె గాజుల చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

తర్వాత టీచర్ల గదిలో కాలేజీ డాక్టరమ్మ టీ తాగుతూ అడిగింది. ఇబ్తిహాల్ గుమ్మం దగ్గర నిలబడింది. "అబ్లా, ఈ అమ్మాయికి ఇంకో ఏడాది అన్నారటగా."

"అన్నాను. నిన్న."

"ఈ రోజో?"

"పనికొస్తుంది."

వగ్దీ గడ్డానికంటిన పిండి దులుపుకుంటూ, "అదేంటి అబ్లా, నా గదికొచ్చి మీరే కదా..." అన్నాడు.

"నా చేతికింద చదివిన పిల్లలు గుర్తులుంటే గుర్రాల్లా పోతారు, లేకపోతే నిలబడిపోతారు," అంది తఫీదా డాక్టరమ్మతోనే. "గుర్తుల్లేని మాట రెండో తరగతి దాటితే గానీ చదవలేరు. అది వయసుని బట్టి వస్తుందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ అమ్మాయి దగ్గర చదువుకున్న పిల్ల ఈ పొద్దున నా ఎదుట చదివింది. నేను తప్పుదారి పట్టించినా ఆగలేదు. ముందు అంతా చూసింది, తర్వాత అక్షరాలు చూసింది, చదివింది. ఎలా నేర్పిందో నాకు తెలీదు. తెలిసుంటే నేనే నేర్పేదాన్ని."

డాక్టరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "మొదటి తరగతిలోనా? ఏ మాట అబ్లా అది?"

తఫీదా టీ ఒక గుక్క తాగింది. "చిన్న మాటే లెండి."

"అయితే వచ్చే ఏడు మొదటి తరగతి మీరిద్దరూ చెరిసగం చూసుకోండి," అన్నాడు వగ్దీ ఉత్సాహంగా.

"వచ్చే ఏడు నేను లేను. ఈ రోజుతో సరి. అరవై నిండాయి."

"అరవయ్యా! నాకెవరూ చెప్పలేదే!"

"కాగితాల మీద మీరే సంతకం పెట్టారు. అదీ చాలదన్నట్టు ఇంత గుడ్డమీద రాయించి గేటుకు కట్టించారు."

వగ్దీ ఆ మాటను ఎటు తిప్పి చూసినా అర్థం కాక, మర్యాదకు నవ్వి, ఇంకో బిస్కెట్ తీసుకున్నాడు.

ఇబ్తిహాల్ ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. సంతోషమో భయమో తెలియని ముఖంతో బ్యాగులోంచి ఫోను తీసింది, నంబరు నొక్కింది, అవతల మోగుతుండగానే ధైర్యం చాలక చెయ్యి దించేసింది. "మా అత్తయ్య నేను చెబితే నమ్మరు, అబ్లా."

"ఇటివ్వు." తఫీదా ఫోను చెవిన పెట్టుకుంది.

"చెప్పు!" అంది అవతలి గొంతు. వెనకాల పసివాడి ఏడుపు. "ఫెయిలయ్యావు కదూ? నాకు తెలుసు. రాత్రంతా కళ్ళు మూయనివ్వలేదు వీడు, ఇప్పుడు నువ్వొకటి..."

"నేను ఇబ్తిహాల్‌ను కాదు. మొదటి తరగతి తఫీదాను. నీ కోడలు టీచరైంది."

అవతల పసివాడి ఏడుపు టక్కున ఆగింది.

తర్వాత పుట్టింది కేక. పెళ్ళి ఊరేగింపుల్లో నాలుక ఆడిస్తూ ఆడవాళ్ళు పెట్టే కేక. సన్నగా మొదలై, పైకెగసి, ఊపిరి అందక తెగి, మళ్ళీ అందుకుని, ఆ వీధంతా పిలిచినట్టుగా సాగింది. డాక్టరమ్మ చేతిలో టీ తొణికింది. గుమ్మం దగ్గర ఇబ్తిహాల్ తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, ఏడుస్తూనే ఫోను కోసం చెయ్యి చాపింది.

తఫీదా వెంటనే ఇవ్వలేదు. వేలు ఎత్తి, కాస్త ఆగమన్నట్టు సైగ చేసి, ఫోను చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకుని, ఆ కేక పూర్తయ్యేదాకా విన్నది.